రోల్ గెలిపించిన సభ్యుడు

నెబ్రాస్కాలోని మా హార్లన్ ఫోర్క్ పట్టణ ప్రజలకు ఇందుమూలంగా తెలియజేయునదేమనగా, స్కూలు బోర్డు సభ్యులు వెర్నన్ ప్లంక్ గారు రెండోసారి కూడా అఖండ మెజారిటీతో ఎన్నికయ్యారు. ఈ సంగతి తెలియనివాళ్లు ఊళ్లో లేరు, ఓట్లేసింది మేమే కదా. అయినా ఆయన సేవల్ని ఎక్కడో ఒకచోట రాసి పెట్టకపోతే బాగుండదు.

బుధవారం బడి భోజనంలో చిల్లీ పక్కన దాల్చినచెక్క రోల్ పెట్టడం మా తాతలనాటి ఆచారం. మాంసమూ బీన్సూ ఉడికించిన కారపు చిల్లీలో బన్నులాంటి తియ్యటి రోల్ ముంచుకు తినడమేమిటని బయటి ఊళ్లవాళ్లు ముక్కున వేలేసుకుంటారు. వాళ్ల ఖర్మ. ఐదేళ్ల క్రితం, పంచదార ఎక్కువైందంటూ అప్పటి బోర్డు ఆ రోల్ తీసేసింది. ఊరు భగ్గుమంది. బడి గడప తొక్కి నలభై ఏళ్లయిన ప్లంక్ గారు ఇంటిముందు గడ్డిలో "రోల్ మన హక్కు" అని అట్ట పాతి, ఎన్నికల్లో నిలబడ్డారు. ఆయన మీద పోటీ చేసిన రిటైర్డ్ లెక్కల టీచరు, మూడో తరగతి పిల్లలకి చదవడం రావట్లేదంటూ ఏవేవో అప్రస్తుత విషయాలు మాట్లాడింది. పాపం, సొంత వీధి ఓట్లు కూడా పడలేదు.

ప్లంక్ గారు ప్రమాణం చేసిన పదకొండు నిమిషాల్లో రోల్ తిరిగొచ్చింది. ఇక మిగిలిన నాలుగేళ్లూ ఏం చేయాలన్నదే ఆయనకి సమస్య అయింది.

ఆ సమస్యని ట్వైలా రెన్నర్ తీర్చింది. ట్వైలా హైవే పక్కన ఉంటుంది. బడి బస్సు రోడ్డుకి అవతలే ఆగుతుంది. బడి బస్సు ఎర్రలైట్లు వెలిగితే బళ్లన్నీ ఆగాలని చట్టం. అయినా అవి ఎంత మిణుకుమన్నా మొక్కజొన్న లారీలు ఆగవు. ఆవిడ పిల్లలిద్దరూ, పక్కింటి పిల్లలిద్దరూ రోజూ పరిగెత్తి దాటాలి. బస్సు నాలుగు నిమిషాలు చుట్టుతిరిగి ఇవతల ఆగితే చాలు. ఈ మాట ఆవిడ ప్రతి నెలా మీటింగులో చెప్పేది. ప్రజలకి తలా మూడు నిమిషాలు ఇస్తారు, సభ్యులు మాత్రం బదులివ్వకూడదు. అది మా బోర్డు పద్ధతి.

"వెర్నన్ గారూ, మీరైనా ఒక్కసారి పొద్దున్నే వచ్చి చూడండి."

"మీ అభిప్రాయానికి ధన్యవాదాలు," అనేవారు ప్లంక్ గారు.

నిజం చెప్పొద్దూ, ఆయన ఒకసారి వెళ్లారు. కారులో కూర్చుని చూస్తుండగానే, ఆరేళ్ల పిల్ల వీపుసంచీని రాసుకుంటూ లారీ దూసుకుపోయింది. ఆ రోజంతా ప్లంక్ గారికి ఏ పనీ సాగలేదు. మీటింగులో ఎలాగైనా మాట్లాడాలనుకున్నారు. తీరా అధ్యక్షురాలు, "నాలుగు నిమిషాల ఆలస్యంపై అధ్యయన సంఘం వేద్దామా?" అనగానే, అలవాటుకొద్దీ "బలపరుస్తున్నాను" అన్నారు. సంఘం పద్నాలుగు నెలలు శ్రమించింది. అక్కడ ఇంతవరకూ ఏ పిల్లా చావలేదు గనుక ప్రమాదం రుజువు కాలేదని నివేదిక ఇచ్చింది. ఆ వినయశీలురైన పరిశోధకులకి కాఫీ, రోల్స్ ఇచ్చి సన్మానించాం.

మర్నాడు ట్వైలా పరిగెత్తించడం మానేసింది. నలుగురు పిల్లల చేతులూ పట్టించి, రోడ్డు వెడల్పంతా వరస కట్టించి, తనూ మధ్యలో నిలబడి నడిపించడం మొదలుపెట్టింది. నింపాదిగా. మధ్యలో ఒకడికి బూటు లేసు ఊడుతుంది, ఇంకొకదానికి తుమ్ము వస్తుంది. షెరీఫ్ వచ్చి చూసి తల గోక్కున్నాడు.

"ఏంటమ్మా ఇది?"

"రోడ్డు దాటుతున్నాం సార్. బస్సు ఎర్రలైట్లు వెలుగుతున్నాయి, కనబడట్లా?"

పది నిమిషాలు పట్టేది. వెనక లారీలు, పికప్పులు, పనికి ఆలస్యమైన మేమంతా. హారన్లు మోగించాం. వినలేని మాటలు అన్నాం. "నీకేమన్నా పిచ్చా? ఎంతసేపు నిలబెడతావ్ మమ్మల్ని?" అన్నాం. ఆవిడ, "రెండేళ్లు నిలబడ్డాను, మీరు పది నిమిషాలు నిలబడలేరా?" అంది. ఎంత పొగరో చూడండి.

ఆ నెల మీటింగుకి మూడొందలమంది వెళ్లాం. కుర్చీలు చాల్లేదు. రోల్ ఉద్యమం తర్వాత అంత ప్రజాచైతన్యం ఎన్నడూ లేదు. ప్లంక్ గారు లేచి, గొంతు సవరించుకుని, జీవితంలో మొదటిసారి సొంతంగా తీర్మానం చదివారు: "వాహనదారుల అమూల్యమైన కాలాన్ని కాపాడేందుకు, సదరు బస్సు ఇకపై హైవేకి ఇవతల ఆగవలెను." ఆరు నిమిషాల్లో ఆమోదించారు.

ట్వైలా చెయ్యెత్తింది. "పిల్లల కోసం అని ఒక్క ముక్క కలుపుతారా వెర్నన్ గారూ?"

ప్లంక్ గారు ఆవిడ కళ్లలోకి చూడలేకపోయారు. "కలిపితే మళ్లీ సంఘం వేయాలమ్మా," అన్నారు గొణుగుతూ.

హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. నవంబరులో ఆయన్ని భుజాలకెత్తుకుని గెలిపించుకున్నాం. మీటింగు రాత్రి చప్పట్లు కొట్టనిది ట్వైలా ఒక్కతే. తన పిల్లలిద్దరినీ చెరో చేత్తో పట్టుకుని బయటికి నడిచిపోయింది. ఇంత చేసినా విశ్వాసం లేని మనిషని మేమంతా అనుకున్నాం.