శుక్రవారపు పుప్పొడి జోస్యం

సెప్టెంబరులోనే సెలవు పుచ్చుకోవలసిన వానలు నవంబరు దాకా తిష్ఠవేయగా, దీపావళికే రాలిపోవలసిన గడ్డిపూలు క్రిస్మసు నక్షత్రాలు వేలాడే వేళకు విరబూయగా, రుతుచక్రం గాడి తప్పిన ఆ సంవత్సరాన, సహస్రమగ్గఘోషిత భివండీ పురమందు, నార్పోలి వీధిలో, రెండో అంతస్తు ఒంటిగది సౌధాన, వృక్షశాస్త్ర పట్టభద్రురాలు, ఇరవైమూడు దినాల నవవధువు బ్లెస్సీ, కిటికీకి గాజుపలక కట్టి యుద్ధం ప్రకటించింది.

శత్రువు పుప్పొడి. రక్షింపవలసినవాడు ప్రాణనాథుడు స్టీవెన్: మగ్గాల హోరును చిరునవ్వుతో సహించే శూరుడే గాని, గడ్డిపూల గాలి సోకితే పదిహేడు తుమ్ములకు తక్కువ కాకుండా కూలబడేవాడు. మగ్గాలు ఆగేది శుక్రవారమొక్కటే. పెళ్ళయ్యాక వరాలా తలావ్ చెరువు గట్టున కలిసి నడవబోయిన రెండు శుక్రవారాలూ తుమ్ములపాలయ్యాయి. మూడోదీ పోతే? ఆ తలంపుకే వీరవధూహృదయం కంపించింది.

"దీపావళి అయితే వీనికి తుమ్ములు బందైతుండె," అంది అత్తగారు రిబ్కా, వెల్లుల్లి ఒలుస్తూ. "ఇప్పుడు మొగులుకే సోయి లేదు. నీ అద్దమేం జెప్తది బిడ్డా?"

"గాలిల పుప్పొడి ఎప్పుడు తక్కువుంటదో జెప్తది అత్తమ్మా. గప్పుడే పోతం."

గురువారం సాయంత్రం, వాసెలిన్ లేపనాలంకృతమైన ఆ పలకను కాలేజీ బహుమతి సూక్ష్మదర్శిని కింద పెట్టి, లెక్కకందని శత్రుసేనను గాంచి, "రేపు ప్రళయం" అని ప్రకటించింది.

స్టీవెన్ తొంగిచూశాడు. "గది మా కార్ఖానా దూది, బ్లెస్సీ. పొద్దంత నా నెత్తిల ఉండేది గదే."

శాస్త్రజ్ఞురాలి ముఖం కందగడ్డ అయింది.

శుక్రవారం మగ్గాలు మౌనం దాల్చాయి. దూదిసేన నేలకు దిగింది. పొద్దుటి అకాలవర్షం గాలిని కడిగింది. మధ్యాహ్నం దించిన కొత్త పలకమీద పుప్పొడి రేణువులు ఆరే. అప్పుడామె బియ్యం డబ్బామీద చేయి వేసి పలికింది:

"వినుము, నాసికాసంగ్రామ పరాజితుడా. నేటి సాయంకాలం ఐదున్నర మొదలు ఆరు వరకు నీకు తుమ్ము లేదు."

"ఏందే, నాటకమోళ్ల లెక్క," అంది రిబ్కా. "పోండ్రి ఇగ, పొద్దువోతది."

ఐదూ యాభై రెండు. సగం గట్టు దాటారు. అతని చేయి ఆమె చేతిలో ఉంది. అంతలో స్టీవెన్ కుడి ముక్కుపుటం వణికింది. కనుల నీరు పొంగింది. మెడనరాలు వింటినారుల్లా బిగిశాయి.

"అస్తున్నదా?"

అతను తల అడ్డంగా ఊపాడు. "రాదని జెప్పినవు గద."

"తుమ్ము, ఏంగాదు. నా జోస్యం తప్పితే తప్పనీ."

"ఇంక ఎనిమిది నిమిషాలే ఉన్నయి. ఆగు."

ముక్కు పట్టుకొని, మూడు గుటకలు మింగి, కొలిమి తిత్తిలా ఉబ్బిన చెంపలతో, ఆలి మాట నిలబెట్టేందుకు ఆ మహావీరుడు ఒక్కొక్క అడుగే వేశాడు. ఆరు దాటాక చెరువు గేటు దగ్గర వెలువడిన గర్జనకు గట్టుమీది కొంగలన్నీ లేచిపోయాయి.

పురజనులారా, వినండి. ఐదున్నర మొదలు ఆరు వరకు శత్రువు గెలవలేదు. చున్నీ కొంగుతో అతని ముక్కు తుడిచి, విజయగర్వంతో బ్లెస్సీ నోటుపుస్తకంలో లిఖించింది: తుమ్మినవి సున్న. నా కోసం మింగినది ఒకటి.