తలుపు మీద రాసిన జవాబులు

శనివారం పొద్దున్నే బాలచంద్ర ఇంటి ముందరి జగలి అరుగు మీద కూర్చుని, ఆ రోజు ఏమేం అడగాలో వదిన వనజాక్షికి వివరించాడు. ఎముకలు, ఊపిరితిత్తులు, విషాలు, చావు గుర్తులు, అన్నీ కలగలిపి అడగాలి. మంగళవారం బెంగళూరులో డాక్టరు లైసెన్సు పరీక్ష. ఇప్పటికే రెండుసార్లు తప్పాడు. ఈసారీ తప్పితే చింతామణి బెల్లం మండీలో కూర్చోబెడతానని తండ్రి శ్రీరామయ్య తేల్చేశాడు. సోమవారం తెల్లారగానే బస్సెక్కాలి. హాల్ టికెట్ మాత్రం ఇంకా పోస్టులో రాలేదు. ఈ రోజు రాకపోతే ఇక అంతే.

వనజాక్షి బడి ఏడో తరగతిలోనే ఆగిపోయింది. ఇంగ్లీషు రాదు గానీ అంకెలు వచ్చు. అందుకని బాలచంద్ర జవాబు అంకెల్లో ఉన్న ప్రశ్నలే గుర్తుపెట్టి ఇచ్చాడు. తాను సుద్దతో వీధి తలుపు మీద రాస్తే, ఆమె పుస్తకంలో చూసి సరిపోల్చాలి. రాయడానికి చోటు కోసం అతను తలుపు మీది పాత రాతను తువ్వాలుతో తుడిచేశాడు.

"అయ్యో, అది తుడస్తావేంది బాలా! బిడ్డ ఉండే ఇల్లు!"

ఆ పాత రాత కన్నడంలో 'రేపు రా' అని. ఆ నెలలో ఊళ్ళో ప్రతి తలుపు మీదా ఉంది. పట్టపగలే ఏదో వచ్చి, అయినవాళ్ళ గొంతుతో పిలుస్తుందట. పలికితే అంతే. రాత చదివితే మాత్రం వెనక్కి పోతుందట. దానికి మూడోసారి పిలిచే శక్తి లేదు కాబట్టి, రెండు పిలుపులకూ పలకకూడదని కట్టడి.

"సైన్సు చదివినోన్ని వదినా, నా ముందర ఆ మాటలు చెప్పొద్దు" అన్నాడు బాలచంద్ర, 'ఎడమ 2, కుడి 3, మొత్తం 206, నాలుగు నిమిషాలు' అని రాస్తూ. ఎముకల సంఖ్య, ఊపిరి ఆగాక మెదడు ఓర్చుకునే సమయంతో సహా నాలుగూ సరైనవే. లోపల ఏడు నెలల బిడ్డ లేచి ఏడవడంతో ఆమె వెళ్ళింది. కాఫీ కోసం అతనూ వెళ్ళాడు.

పక్కింటి అంజనమ్మ ముగ్గు వేయడానికి వచ్చి ఆ తలుపు చూసింది. చేతిలోని పిండి కింద పడిపోయింది.

"వనజా, ఇది ఎవరు రాసిండేది? మన వీధి ఎడమ వరసలో ఈ నెల ఇద్దరు పోయినారు కదమ్మా!"

"అది ఊపిరితిత్తుల లెక్క అక్కా. ఎడమపక్క రెండు భాగాలు, కుడిపక్క మూడు" అంది వనజాక్షి, బిడ్డనెత్తుకుని బయటికి వస్తూ.

"కుడి వరసలో పోయింది ఒకరే" అంది అంజనమ్మ నెమ్మదిగా. "ఇంకా ఇద్దరు కావాల."

వనజాక్షి ఇల్లు కుడి వరసలోనే ఉంది. ఆమె బిడ్డను గట్టిగా హత్తుకుంది. "మా బాల రాసినాడక్కా, పరీక్షకి."

"రాసింది వాడేలేమ్మా. చెయ్యి కదిలించింది ఎవరు?"

ఆ మాట విని లోపల బాలచంద్ర కాఫీ లోటా కింద పెట్టేశాడు. వందల ప్రశ్నల్లో తాను ఆ నాలుగే ఎందుకు గుర్తుపెట్టాడో అతనికే తెలియలేదు.

అంజనమ్మ మాట పాకి, పది గంటలకల్లా వీధిలో తలుపులన్నీ మూతపడ్డాయి. కోళ్ళను కూడా లోపలికి తోలుకున్నారు. ఎండ తెల్లగా కాస్తోంది, ఒక్క అడుగు చప్పుడు లేదు. అప్పుడు వీధి చివర ఎవరో పిలిచారు. రెండుసార్లు. జవాబు లేదు. తర్వాతి ఇంటి ముందు మళ్ళీ రెండుసార్లు. ఆ గొంతు ఇల్లు ఇల్లూ దాటుకుంటూ దగ్గరకు వచ్చింది. వచ్చేకొద్దీ సన్నబడుతోంది.

"బాలచంద్రప్పా..."

బాలచంద్ర గోడకు అతుక్కుపోయాడు. "పలకొద్దు వదినా!"

"బాలచంద్రప్పా..."

మూడో పిలుపు రాలేదు. దానికి బదులు గడప అవతల ఎవరో వెక్కి వెక్కి ఏడవడం వినిపించింది. వనజాక్షి వంగి తలుపు సందులోంచి చూసింది. గడప ముందు రెండు పాదాలు. మడమలు ఇటు, వేళ్ళు అటు.

"హాల్ టికెట్ అని రాసుండాది" అంది ఆ గొంతు ఏడుపు మధ్యలో. "తీసుకునేవాళ్ళు లేరని వాపసు పంపాల్సిందే."

వనజాక్షి బిడ్డను చంకనెత్తుకుని, దేవుళ్ళందరికీ ఒకేసారి మొక్కి తలుపు తీసింది. వీధి వైపు తిరిగి మెట్టు మీద కూర్చున్న పోస్టుమ్యాన్ లక్ష్మణప్ప ఉలిక్కిపడి లేచాడు. ఇరవై ఏళ్ళుగా ఏ ఇంటి ముందైనా రెండుసార్లే పిలవడం అతని అలవాటు.

"నేను నీ కండ్లకి కనిపిస్తాండానామ్మా?"

"కనిపిస్తాండావు కదన్నా. ఏమైంది?"

"పద్దెనిమిది ఇండ్ల ముందర పిలిస్తే ఒక్కరూ పలకలేదు. కిటికీలోంచి నన్ను చూసి కూడా మొగం తిప్పుకున్నారు. నేను యాడో దారిలో సచ్చిపోయినట్టుండాను తల్లీ. డాక్టరప్పా, కొంచెం చూడు."

బాలచంద్ర ముందుకొచ్చి నాడి పట్టుకున్నాడు. కంగారులో బొటనవేలి వైపు కాక చిటికెనవేలి వైపు వెతకడంతో ఏ నాడీ దొరకలేదు. అతని ముఖం చూసి లక్ష్మణప్ప మళ్ళీ ఏడుపు అందుకున్నాడు.

"సరే, ముందు ఆ కవరు ఇయ్యప్పా" అన్నాడు బాలచంద్ర.

"అదెట్లయితాది? సచ్చినోడు ఇచ్చిన రిజిస్టరు పోస్టు ఆఫీసులో చెల్లదు. బతికుండానని కాగితం రాసియ్యి, ఇస్తా."

"లైసెన్సు లేకుండా నేను అట్ల రాసియ్యకూడదు."

"లైసెన్సు తెచ్చుకో."

"దానికే ఆ కవరు కావాల!"

"దానికే కాగితం కావాల!"

అంతలో వనజాక్షి చంకలోని బిడ్డ ముందుకు వంగి, లక్ష్మణప్ప మీసం పిడికిట పట్టి లాగింది.

"అమ్మో!"

"నొప్పయిందా అన్నా?" అంది వనజాక్షి.

"ప్రాణం పోయిందమ్మా!"

"సచ్చినోళ్ళకి నొప్పి ఉండదు" అని ఆమె బిడ్డను మరిది చేతికిచ్చి, కాగితం తీసుకుంది. 'లక్ష్మణప్ప బతికుండాడు. నేను చూసినాను' అని రాసి కింద వంకర అక్షరాలతో సంతకం పెట్టింది. లక్ష్మణప్ప దాన్ని రెండుసార్లు చదువుకుని, మడిచి జేబులో పెట్టుకుని, అప్పుడు కవరు ఇచ్చాడు.

సాయంత్రానికి తలుపులు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. అలాంటి కాగితం తమకూ కావాలని కుడి వరస మొత్తం వనజాక్షి గడప ముందు నిలబడింది. అందరికంటే ముందు అంజనమ్మ. బాలచంద్ర లోపల కూర్చుని, ఎముకలను మొదటి నుంచి మళ్ళీ లెక్కపెట్టుకున్నాడు.

అతను ఆ పరీక్ష పాసయ్యి, అదే వీధిలో డాక్టరుగా బోర్డు కట్టాడు. మొదటి రోజు వచ్చిన ఆరుగురూ వనజాక్షమ్మ ఉందా అని అడిగారు.