స్వప్రయోజనం ఉన్నవారు బయట నిలబడండి

స్వప్రయోజనం లేని మనిషిని ఏ పదవిలోనూ కూర్చోబెట్టకూడదు!

ఈ మాట విని మీరు కాఫీ కప్పు కింద పెట్టేసి ఉంటారు. పెట్టండి. పెట్టి ఆలోచించండి. బావమరిదికి కాంట్రాక్టు ఇప్పించిన మంత్రికి, తన బావమరిదైనా బాగుండాలన్న కోరిక ఉంది. ఎవరి మీదా ఏ ఆశా లేని మంత్రికి ఏముంటుంది? ఫైలుంటుంది. అంతే! అలాంటివాడి చేతిలో దేశాన్ని పెట్టి హాయిగా నిద్రపోగలరా మీరు?

ఇంకా నమ్మకం కుదరలేదా? అయితే నేపర్‌విల్‌లో విమలకుమారిగారికి ఏం జరిగిందో వినండి.

విమలకుమారిగారిది గుంటూరు. బడిలో కూర్చున్నది తక్కువ, సొంతంగా చదువుకున్నది ఎక్కువ. డాక్టరైన కొడుకు వెంట మొదట ఇంగ్లండులో లీడ్స్ వెళ్లారు. అక్కడ పక్కింటావిడతో గోడ మీదుగా మాట్లాడి, మిగిలింది వార్తాపత్రికల్లో కూడబలుక్కుని ఇంగ్లీషు పట్టుకున్నారు. గోడ అవతలి మనిషితో స్నేహం కుదిరిందో లేదో, కొడుక్కి అమెరికాలో, ఇల్లినాయి రాష్ట్రంలోని నేపర్‌విల్‌లో ఉద్యోగం వచ్చింది. ఊరు మారిన ప్రతిసారీ ఒక మనిషి చెయ్యి ఊపుతూ వెనక మిగిలిపోవడమే ఆవిడకు తెలిసిన భూగోళం. అందుకే ఎవరైనా "ఒక మాట చెప్పాలి" అంటే చాలు, ఆవిడ చెయ్యి దగ్గర్లో ఉన్న కుర్చీని వెతుక్కునేది. వీళ్లూ దూరమైపోతున్నారేమో!

లీడ్స్ నుంచి వెంట వచ్చింది ఒక్క అలవాటే. నేపర్‌విల్ లైబ్రరీకి వారం ఆలస్యంగా వచ్చే లండన్ వారపత్రిక చదవడం. అందులోనూ పాఠకుల ఉత్తరాల పేజీ. ఆహా, ఏం పేజీ అండీ అది! ఎవరికో పదవి ఇచ్చారని ఒక రిటైర్డ్ మేజరు మండిపడేవాడు. ఆ పదవి ఇచ్చినవాడికీ పుచ్చుకున్నవాడికీ చుట్టరికం ఉందని ఒక హెడ్‌మిస్ట్రెస్ బయటపెట్టేది. రాజీనామా చేయాలి, చేయాలి, చేయాలి! అలా చదివి ఇంటికి వస్తే విమలకుమారిగారికి ఒంట్లో కొత్త రక్తం ఎక్కినట్టుండేది.

ఆ ఏడు, అంటే ఎనభై ఆరులో, ఒక మంత్రి మీద ఆ పేజీ భగ్గుమంది. పేరెందుకు లెండి, ఈ వారం ఒకరు, వచ్చే వారం ఇంకొకరు. ఆయన ప్రభుత్వ కంపెనీని అమ్మించాడు. పదవి దిగాడు. దిగినవాడు తిన్నగా వెళ్లి, కొన్నవాళ్ల బోర్డులో కూర్చున్నాడు. ఇదేంటయ్యా అని అడిగితే, "నేను మంత్రిగా ఉన్నప్పుడు ఏదీ ఖాయం కాలేదు, మాటలు మాత్రమే జరిగాయి" అన్నాడు.

విమలకుమారిగారు ఇంటికి వచ్చీ రాగానే రెండు వీధుల అవతల ఉన్న నవోమిగారికి ఫోన్ చేశారు.

"వదినా, చూశావా ఆ మంత్రి చేసిన పని?"

"ఏ మంత్రి?"

"లండన్ మంత్రి."

"ఆయన మనకేమవుతాడు?"

"ఏమీ కాడు."

"మరి నీకెందుకే బీపీ? మాత్ర వేసుకున్నావా?"

వదిన అనేది పిలుపే. ఏ చుట్టరికమూ లేదు. నవోమిగారు కూతురి దగ్గర ఉంటున్న మనిషి, విమలకుమారిగారు కొడుకు దగ్గర ఉంటున్న మనిషి. పగలంతా ఇద్దరి ఇళ్లలోనూ ఫ్రిజ్ చప్పుడు తప్ప ఇంకో చప్పుడు ఉండదు. ఇంతకన్నా చుట్టరికం ఏం కావాలి?

లండన్ మంత్రిని తిట్టడంలో ఉన్న సుఖం మీకు తెలుసా పాఠకులారా? ఆయన మన ఇంటికి రాడు. వాళ్ల పిల్లాడి బర్త్‌డేకి మనల్ని పిలవడం మానేయడు. రైడ్ అడిగితే కారులో సీటు లేదనడు. దూరపు అన్యాయమంత ఆరోగ్యకరమైనది ఇంకోటి లేదు!

ఆవిడ అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. ఆగలేదు.

నేపర్‌విల్‌లోని మన తెలుగు క్రైస్తవ సంఘం, ఒక అమెరికన్ చర్చిలో ఆదివారం మధ్యాహ్నం వాళ్ల ఆరాధన అయిపోయాక సమకూడేది. సంఘ పెద్దలకు చైర్మన్ దైవాశీర్వాదంగారు. రోజూ రైల్లో షికాగో వెళ్లి వచ్చే ఇంజనీరు. పిక్నిక్‌కి కూడా టై కట్టుకుని వచ్చే మనిషి. ఒక సభలో విమలకుమారిగారు లేచి, లండన్ పార్లమెంటులో ఒక మంచి ఆచారం ఉందని చెప్పారు. ఏదైనా విషయంలో తమకు స్వప్రయోజనం ఉంటే సభ్యులు ముందు ఆ సంగతి చెప్పి, తర్వాతే మాట్లాడాలట. మనమూ అలా చేస్తే?

దైవాశీర్వాదంగారి మొహం వెలిగిపోయింది. "ఎక్సలెంట్ అమ్మగారూ! ఇంకో స్టెప్ ముందుకెళ్దాం. ఇంటరెస్ట్ ఉన్నవాళ్లు ఓటింగ్ టైమ్‌లో హాల్లో ఉండకూడదు. బయట నిలబడాలి. ఏమంటారు?"

విమలకుమారిగారు అంత కోరలేదు. కానీ మంచికి ఇంకాస్త మంచి చేరితే వద్దంటారా ఎవరైనా? అందరూ చప్పట్లు కొట్టారు.

మొదటి పరీక్ష క్రిస్మస్ విందుకి వచ్చింది. బిర్యానీ ఎవరు వండాలి?

"నాకు స్వప్రయోజనం ఉందండీ," అని భాస్కర్ లేచాడు. "వండేది మా ఆవిడే."

"నాకూ ఉంది. ఆవిడ మా చెల్లెలు."

"మా వాడికి వాళ్లమ్మాయి మ్యాథ్స్ చెబుతుంది. మేమూ బయటికేనా?"

"నాకు ఆవిడంటే పడదండీ. అది కూడా స్వప్రయోజనం కిందికి వస్తుందా?"

వస్తుందన్నారు చైర్మన్‌గారు. నలభై కుటుంబాల సంఘంలో ఒకరికొకరు ఏదో ఒకటి కానివాళ్లు ఎక్కడ దొరుకుతారు? కాసేపటికి సంఘమంతా పార్కింగ్ లాట్‌లో ఉంది. కోట్లు కప్పుకుని, నవ్వుకుంటూ, ఒకరి థర్మాస్‌లో టీ ఒకరు తాగుతూ! లోపల మిగిలింది దైవాశీర్వాదంగారు, వెనక వరసలో నిద్రపోతున్న ఒక తాతగారు. బిర్యానీ ఏకగ్రీవంగా నెగ్గింది.

అవినీతి లేని పాలన ఎలా ఉంటుందో చూశారా? ఎంత ప్రశాంతం! ఎంత ఖాళీ!

ఇక్కడిదాకా నవ్వులే. ఫిబ్రవరిలో నవోమిగారు కిందటి వారం మంచు ఇంకా కరగని దారిలో నడుచుకుంటూ వచ్చి, బూట్లయినా విప్పకుండా గుమ్మంలో నిలబడ్డారు.

"వదినా, ఒక మాట చెప్పాలి."

విమలకుమారిగారు పక్కనున్న కుర్చీ పట్టుకున్నారు.

నవోమిగారి అల్లుడు రత్నరాజు సంఘంలో తాత్కాలికపు పాస్టరు. తాత్కాలికం పేరుతోనే మూడేళ్లుగా ప్రసంగాలు చేశాడు, ఆసుపత్రులకు మనుషుల్ని దింపాడు, మంచు పడితే పెద్దవాళ్ల ఇళ్ల ముందు పార పట్టుకుని కనిపించాడు. ఇప్పుడు వర్జీనియాలో షాంటిలీ సంఘం వాళ్లు పర్మనెంట్‌గా రమ్మంటున్నారు. ఇక్కడ పర్మనెంట్ చేస్తే ఉంటాడు, లేకపోతే వెళ్లిపోతాడు. అల్లుడు వెళ్తే కూతురు వెళ్తుంది. కూతురు వెళ్తే నవోమిగారు వెళ్తారు.

పోటీకి పిస్కాటవే అనే ఊరి నుంచి శ్యామ్‌సుందర్ అనే కుర్రాడి పేరు వచ్చింది. సెమినరీ నుంచి అప్పుడే వచ్చాడు. గిటార్ బాగా వాయిస్తాడు. పిలిపించింది చైర్మన్‌గారు. ఎందుకండీ అంటే, "సంఘానికి ఛాయిస్ ఉండాలి కదా" అన్నారు. ఎంత ప్రజాస్వామ్యం!

సభ రోజు కారులో నవోమిగారు ముందే చెప్పారు. "నేనంటే అత్తగారిని, బయట నిలబడక తప్పదు. నువ్వు మాకు చుట్టానివా, పక్కానివా? నోరు మూసుకుని కూర్చో. అడిగినప్పుడు చెయ్యెత్తు. అంతే!"

"అంతేలే," అన్నారు విమలకుమారిగారు.

సులువైన పనే కదా? చెయ్యెత్తడం! మంత్రులు రోజూ చేసే పనే. కానీ ఆవిడ కూర్చున్న చోటునుంచి చూస్తే ఆ ఉత్తరాల పేజీ మొత్తం ఎదురుగా కూర్చున్నట్టే ఉంది. అదిగో రిటైర్డ్ మేజరు, ఆయన పక్కన హెడ్‌మిస్ట్రెస్. ఇద్దరూ కళ్లజోళ్లు సర్దుకుని ఆవిడనే చూస్తున్నారు. ఆచారం తెచ్చింది ఎవరు? నువ్వే కదూ?

ఆవిడ లేచారు. "నాకు స్వప్రయోజనం ఉందండీ."

"మీకా?" దైవాశీర్వాదంగారు ఆశ్చర్యపోయారు. "రత్నరాజుగారు మీకు బంధువా?"

"కాదు."

"మరి?"

"ఆయన వెళ్తే మా వదిన వెళ్తుంది. మా వదిన వెళ్తే నాకు మాట్లాడే మనిషుండదు."

చైర్మన్‌గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "వెరీ టచింగ్ అమ్మగారూ. కానీ రూల్ ఈజ్ రూల్. మీరే పెట్టించారు." లేచి వచ్చి, స్వయంగా ఆవిడ కోసం తలుపు తెరిచి పట్టుకున్నారు. అంత మర్యాద ఇంకెక్కడ చూస్తాం చెప్పండి?

రత్నరాజు దంపతులు ఇంటి దగ్గరే ఉండిపోయారు, పార్కింగ్ లాట్ చలి మరిచిపోని మిగతావాళ్లెవరూ లేవలేదు. బయట కోట్లు తగిలించే వరండాలో నవోమిగారు ఒక్కరే నిలబడి ఉన్నారు.

"నువ్వెందుకొచ్చావే?"

"చెప్పేశాను."

"నీకు బుద్ధుందా?"

"లేదు."

నవోమిగారు కొక్కేనికి ఉన్న విమలకుమారిగారి కోటు తీసి, ఆవిడ భుజాల మీద వేసి, పైదాకా గుండీలు పెట్టారు. చిన్నపిల్లకు పెట్టినట్టు.

తలుపు తెరుచుకుంది. భాస్కర్ వచ్చాడు. వాళ్లిద్దరి వైపు చూడకుండా, "ఒక్క ఓటండీ," అన్నాడు. "ఒక్క ఓటు తక్కువై పోయింది."

ఆ ఒక్క ఓటూ ఎక్కడుందో మీకు తెలుసు. గుండీలు పెట్టుకుని వరండాలో నిలబడి ఉంది!

వసంతంలో రత్నరాజు కుటుంబం ట్రక్కులో సామాను వేసుకుని షాంటిలీ వెళ్లిపోయింది. విమలకుమారిగారు వీధి చివరిదాకా నడిచి వెళ్లి చెయ్యి ఊపారు. ఈసారి వెనక మిగిలిన మనిషి ఆవిడే. అప్పట్నుంచీ ఆదివారం ఆదివారం నవోమిగారి ఫోన్ వచ్చేది. మోకాళ్లెలా ఉన్నాయి, ఏం వండుకున్నావు, అంతలో వెనకనుంచి కూతురి గొంతు, "అమ్మా, లాంగ్ డిస్టెన్స్, బిల్లు ఎక్కుతోంది." లాంగ్ డిస్టెన్స్‌లో లండన్ మంత్రుల గురించి మాట్లాడుకునే భాగ్యం ఎవరికుంటుంది?

వేసవిలో అందరికీ శుభలేఖలు వచ్చాయి. వరుడు, పాస్టర్ శ్యామ్‌సుందర్. వధువు, దైవాశీర్వాదంగారి రెండో అమ్మాయి.

ఇక చూడండి, ప్రజాగ్రహం! ఫోన్లు కాలిపోయాయి. "ఇది మోసం" అన్నారు. "రాజీనామా చేయాలి" అన్నారు. భాస్కరైతే సంఘమే మారిపోతానన్నాడు. చైర్మన్‌గారు ఏమీ కంగారు పడలేదు. ఆరాధన తర్వాత టై సర్దుకుని వివరణ ఇచ్చారు. "మీటింగ్ నాటికి ఏదీ సెటిల్ కాలేదండీ. మాటలు మాత్రమే జరిగాయి."

విమలకుమారిగారు తలెత్తి చూశారు. ఈ వాక్యం ఆవిడ చదివిందే! ఒక్క ముక్క మారలేదు. లండన్‌లో ఎక్కి నేపర్‌విల్‌లో దిగింది, ఎక్కడా నలగకుండా.

అయినా తప్పేముందండీ? కూతురు కళ్లెదుట ఉండాలని తండ్రి కోరుకోవడం నేరమా? ఆయనకీ ఒక మనిషి వెళ్లిపోకూడదనే కదా! ఆవిడ కోరికా అదే. కాకపోతే ఆవిడ పైకి చెప్పింది, ఆయన చెప్పలేదు. చెప్పినావిడ వరండాలో నిలబడింది, చెప్పనాయన ఓట్లు లెక్కపెట్టారు. అందుకే పెద్దలకు నా మనవి, స్వప్రయోజనం ఎంతైనా ఉంచుకోండి, బయటికి మాత్రం చెప్పకండి. చలి!

ప్రజాగ్రహం పెళ్లి భోజనాల దాకా నిలిచింది. వెళ్లిపోతానన్న భాస్కర్ రెండోసారి వడ్డించుకుంటూ, "మటన్ మాత్రం అదిరిందండీ" అన్నాడు. అప్పటికి లండన్ పత్రికలోనూ రిటైర్డ్ మేజరు తన గులాబీలకు పట్టిన పురుగు గురించి రాస్తున్నాడు. ఆ మంత్రిగారిని లార్డును చేశారు.

ఆకులు రాలే కాలంలో మళ్లీ సంఘ సభ జరిగింది. విమర్శలకు తావుండకూడదని, ఇకపై నియామకాలన్నిటినీ పరిశీలించడానికి ఒక నీతి కమిటీ వేద్దామన్నారు దైవాశీర్వాదంగారు. దానికి ప్రెసిడెంటుగా, ఈ గొప్ప ఆచారాన్ని మనకు నేర్పిన విమలకుమారిగారే ఉండాలన్నారు. అందరూ అవునవునన్నారు.

"ఫార్మాలిటీ కోసం అడుగుతున్నా అమ్మగారూ," అన్నారాయన. "మీకు స్వప్రయోజనం ఏమైనా ఉందా, డిక్లేర్ చేయడానికి?"

విమలకుమారిగారు లేచి నిలబడ్డారు. పక్క కుర్చీ ఖాళీగా ఉంది.

"ఇప్పుడేమీ లేదండీ. ఉన్నదాన్ని షాంటిలీ పంపించేశారు."

హాలంతా చప్పట్లు. పదవికి సరిగ్గా అలాంటి మనిషే కావాలట!