తలుపుకో ఇల్లు

ఇళ్ల కొరత తీర్చే కార్యాలయానికి ఇల్లంటే ఏమిటో తెలియదు. ఇది నింద కాదు, నిజం.

ఆ ఉదయం ముసలి వడ్రంగి తలపెట్టింది చిన్న పని. కొత్తగా చేసిన నాలుగు తలుపులను వీధి గోడకు ఆనించి, రంగు పూసి, అవి ఆరేలోగా మేకులు కొనుక్కురావాలి. అతనికున్నది ఒక్క గది. అందులో తను, కూతురు, అల్లుడు, ఇద్దరు పిల్లలు. ఇల్లు కావాలని అర్జీ పెట్టి పదకొండేళ్లు. ఆ అర్జీ మీద వేలిముద్ర వేసిన భార్య పోయి ఆరేళ్లు.

మేకులతో తిరిగొచ్చేసరికి, ఇళ్లు లెక్కపెట్టడానికి వచ్చిన కార్యాలయం గుమాస్తా నాలుగు తలుపుల మీదా నల్లరంగుతో ఇంటి నంబర్లు వేసి చేతులు తుడుచుకుంటున్నాడు.

"ఇదేం పని బాబూ? అవి ఉత్త తలుపులు!"

"తలుపుకో ఇల్లు, పెద్దాయనా. రూలు."

"పక్కకు జరిపి చూడు. వెనక గోడే."

"లోపలికి తొంగిచూసే అధికారం నాకు లేదు."

వారం తిరక్కుండా అర్జీ కొట్టేశారు. ఐదిళ్ల ఆసామికి ఇల్లెందుకన్నారు. వడ్రంగి పరుగున వెళ్లి అధికారి ముందు నిలబడ్డాడు.

"నాలుగిళ్లు ఖాళీగా పెట్టుకుని ఇంకోటి అడుగుతావా? సిగ్గులేదూ?" అన్నాడు అధికారి. ఆ ఖాళీ ఇళ్లను పేదలకు పంచమని అక్కడికక్కడే సంతకం గీశాడు.

మర్నాడు మూడు కుటుంబాలు పట్టాలతో, పరుపు చుట్టలతో దిగాయి. చంకలో బిడ్డనెత్తుకున్న ఒకావిడ తన నంబరు తలుపు పక్కకు లాగింది. గోడ.

"తాతా, ఇల్లేదీ?"

"గోడకు ముక్కు ఆనించి పడుకో తల్లీ. సంతకమైపోయింది."

ఆమె నవ్వలేదు. బిడ్డ ఏడుపు లంకించుకుంది. వడ్రంగి ఒక తలుపును భుజానికెత్తుకున్నాడు.

"పట్టండి తలుపులు! ఇచ్చినవాడి దగ్గరికే పోదాం."

కార్యాలయంలో పన్నెండు గదులు. తొమ్మిదింట్లో ఫైళ్లే కాపురం ఉంటున్నాయి. మూడు తలుపులు ఫైళ్ల గదుల ముందు, నాలుగోది అధికారి గది ముందు ఆనించారు. అదే గుమాస్తా అటు వచ్చాడు. నంబర్లు చూశాడు, పుస్తకం తీశాడు, నివాస భవనమని రాసుకున్నాడు.

"ఒరేయ్, ఇది మన ఆఫీసురా!" అని అరిచాడు అధికారి.

"తలుపు మీద ఇంటి నంబరుంది సార్. కాపురాలున్నచోట ఆఫీసు నడపకూడదు. రూలు. పట్టాల కింద సంతకం మీదే."

అధికారి కుర్చీ మోసుకుని బయటపడ్డాడు. ఫైళ్లు వరండాలోకి, మూడు కుటుంబాలు గదుల్లోకి వెళ్లాయి. నాలుగో నంబరుకు పట్టా ఎవరికీ రాయలేదు. వడ్రంగి కూతురు మొగుణ్ణీ పిల్లల్నీ వెంటబెట్టుకుని వెళ్లి అధికారి గదిలో పొయ్యి పెట్టేసింది.

నెల తర్వాత అధికారే వడ్రంగి గుమ్మంలో నిలబడ్డాడు.

"పెద్దాయనా, ఆఫీసుకు చిన్న గదేమైనా దొరుకుతుందా?"

"గది లేదు. తలుపు కావాలంటే చేసిస్తాను."

ఆ తర్వాత వడ్రంగి ఈ సంగతి ఎవరి దగ్గరా ఎత్తలేదు. ఎత్తబోయినవాళ్ల మొహం మీద, తనకు మిగిలిన ఒక్క తలుపూ వేసేశాడు.