ఎనభై రెండు శాతం తేమ

పొద్దున పదిన్నరకు సింధుజ ల్యాప్‌టాప్ తెర ఎర్రబడింది. తేమ ఎనభై రెండు శాతం. ప్రమాదం.

అంతరిక్షంలోకి వెళ్లబోయే టెలిస్కోపు కోసం పది దేశాల వాళ్లు ఉచితంగా, అందరూ చూసేలా రాస్తున్న సాఫ్ట్‌వేర్ అది. టెలిస్కోపు బిగించే గదిలో తేమ పెరిగితే హెచ్చరించే కోడ్‌ను బాన్సువాడలో కూర్చుని సింధుజ రాసింది. పరీక్ష కోసం బ్యాటరీతో నడిచే సెన్సర్ డబ్బీని మిద్దె మీద పెట్టింది. అది తేమ చెబుతుందని ఇంట్లో గొప్పగా చెప్పుకుంది కూడా. పదకొండుకల్లా అంతా సరిగ్గా ఉండాలి. లేకపోతే కోడూ పోతుంది, దాని మీద ఆమె పేరూ పోతుంది.

హెచ్చరిక అందరికీ వెళ్లింది. ఇటలీ ఆయన భయపడి తన పరికరానికి కరెంటు తీసేశాడు. అది చూసి జపాన్ ఆమె నెల రోజుల మార్పులు వెనక్కి తీసుకుంది.

తండ్రి వెంకట్రాములు గుమ్మంలోంచి తొంగిచూశాడు. "ఎంత జూపెడ్తుంది బిడ్డా?"

"ఎనభై రెండు బాపు."

ఆయన గోడకు చేరగిలబడ్డాడు. "గంతనా. ఇగ మన పని అయిపోయినట్టే."

తన కోడ్ కోసం తండ్రి ఇంత బాధపడటం చూసి సింధుజ కళ్లు చెమర్చాయి. అనుమానమున్న నాలుగు లైన్లు మార్చింది. ఎనభై ఆరు.

తండ్రి చెమటలు కక్కుతూ మళ్లీ వచ్చాడు. "ఇప్పుడు?"

"ఎనభై ఆరు."

"ఆగు, ఇంకోపారి తిరగేస్త." పరుగెత్తాడు. ఏం తిరగేస్తాడో అడిగే తీరిక ఆమెకు లేదు.

ఫోన్ మోగింది. ప్రాజెక్టులో ఆమె సీనియర్ మంజుల, పెద్ద కొడప్‌గల్ దగ్గరి తండా మనిషి. "పది నిమిషాలే ఉంది. నీ కోడ్ తీసేయమంటుండ్రు. నాకైతే తప్పు కనవడ్తలేదు. సెన్సర్ ఏడున్నది?"

"మిద్దె మీదనే అక్క."

"చూసినవా?"

చూడలేదు. ఫోన్ స్పీకర్‌లో పెట్టి మెట్లెక్కింది. డబ్బీ లేదు. కింద వాకిట్లో తండ్రి వడ్ల కుప్పను పారతో తిరగేస్తున్నాడు.

"అవ్వా, ఈడున్న డబ్బీ ఎవలు తీసిండ్రు?"

వాకిట్లో కూర్చున్న నాయనమ్మ భూమవ్వ కొడుకు పేరెత్తలేదు. "రేపు వడ్లు కొనేకాడికి తీస్కపోవాలె. తేమ పదిహేడు దాటితె వాపస్ పంపుతరు. గందుకే కుప్పల వెట్టి చూస్తుండ్రు."

తండ్రి పార వేగం పెరిగింది.

ఫోన్లో మంజుల నవ్వాపుకుంది. "అంటే నీ కోడ్ కరెక్టే చెప్పింది. కారణం, కారకుని పేరు రికార్డుల ఎక్కితె ఉంచుతరంట. నేను గూడ స్పీకర్ పెడ్తున్న, ప్రాజెక్టోళ్లు నలభై మంది వింటుండ్రు. చెప్పు."

సింధుజ కిందికి చూసింది. తండ్రి వద్దన్నట్టు చెయ్యి ఊపాడు.

"వెంకట్రాములు," అంది. "మా బాపు. వడ్లు ఇంకా ఎండలే."