మూగ మానిటర్

పొద్దున్నే కొత్త మానిటర్ కొనుక్కురావడం, మధ్యాహ్నానికల్లా బిగించడం, ఆపైన మనవరాలు దాని ముందు కూర్చుని ఇంటర్వ్యూ ఇవ్వడం. ఇంతే ఆ రోజు కార్యక్రమం. పాత మానిటర్ ముందురోజే నల్లబడి కన్ను మూసింది. ఆ చావు అమ్మమ్మకు లోలోపల శుభశకునంలాగే తోచింది. ఫిర్యాదులు విని జవాబులు చెప్పే ఆ ఉద్యోగం వచ్చిందంటే పిల్ల వేరే ఊరు వెళ్ళిపోతుంది. ఎవరింట్లోనైనా పెట్టె సర్దుతున్న చప్పుడు విన్నా సరే, అమ్మమ్మకు గుండెల్లో రాయి పడుతుంది.

తాతయ్య సినిమా హాల్లో ప్రొజెక్టర్ ఆపరేటర్‌గా పనిచేసి రిటైరయ్యాడు. దుకాణంలో అన్నిటికన్నా చవకైన మానిటర్ ఆన్ చేయించి, గుమ్మం దాకా నడిచి, పిడికిలి కన్నంలోంచి దాన్ని చూశాడు. ఆపరేటర్ గదిలో యంత్రం రొదకు ఒక్క డైలాగు కూడా వినపడేది కాదు. చిన్న కిటికీలోంచి బొమ్మ సరిగ్గా పడుతోందో లేదో చూడటమే ఆయన చేసిన పనంతా.

"ఫోకస్ బాగుంది. ప్యాక్ చేసెయ్యి బాబూ."

"సౌండు కూడా చూడండి," అంది అమ్మమ్మ.

"సౌండు మన డిపార్ట్‌మెంటు కాదు."

మధ్యాహ్నం పాత కెమెరాను కొత్త మానిటర్ పైన తగిలించాక, తెర మీద ఒక ఆఫీసరమ్మ, పక్కన బట్టతలాయన ప్రత్యక్షమయ్యారు. పెదవులు కదిలాయి గానీ మాట రాలేదు.

"తాతయ్యా, పాతదాంట్లో స్పీకర్లుండేవి. దీంట్లో ఉన్నాయా?"

"ఇంత పల్చటిదాంట్లో ఎక్కడ పెడతారే?"

"ఆ మాట కొనేటప్పుడు తట్టలేదా?" అని, మనవరాలు తెర వైపు తిరిగి, "ఒక్క నిమిషం అండీ, ఇయర్‌ఫోన్లు తెస్తాను," అంటూ వెనక బీరువాలో వెతకడం మొదలుపెట్టింది.

"వాళ్ళకెక్కడ వినపడుతుంది? తెర మూగదైతే కబురు అటూ పోదు, ఇటూ రాదు," అని తేల్చేశాడు తాతయ్య. వెతుకులాటలో ఉన్న మనవరాలు కూడా ఆ మాట నమ్మేసింది.

ఎలాగూ వినపడదు కదా అని అమ్మమ్మ ఖాళీ కుర్చీలో కూర్చుంది. ఇన్నాళ్ళూ గొంతులో ఆపుకున్నదంతా ఆఫీసరమ్మకు చెప్పేసింది. "దీన్ని తీసుకెళ్ళకు తల్లీ. దీనికి పొయ్యి వెలిగించడం కూడా రాదు. పొద్దున లేపాలంటే ఊరంతా లేవాలి. ఇది లేకపోతే ఈయన పక్కన నేనొక్కదాన్నే ఉండాలి."

ఆఫీసరమ్మ నోటికి చెయ్యి అడ్డుపెట్టుకుని కళ్ళు తుడుచుకుంది.

"పాపం, ఏడుస్తోందండీ. మనసున్న మనిషి."

"ఏడుపు కాదు, జలుబు. ఆ గుండాయన తల మరీ మెరుస్తోంది. వెలుతురు తగ్గించాలి."

బట్టతలాయన చటుక్కున తల తడుముకున్నాడు.

"చూశావా, తల గోక్కోవడం కూడా ఎంత స్పష్టంగా కనపడుతోందో," అన్నాడు తాతయ్య గర్వంగా, వెలుతురు తగ్గించే బటన్ వైపు వేలు చాపుతూ.

"తాతయ్యా, ఆ బటన్ ముట్టుకోకండి. అమ్మమ్మా, కంగారుపడకు. నేనింకా ఎక్కడికీ పోలేదు," అంది మనవరాలు, గొంతు ఏమాత్రం పెంచకుండా. ఇయర్‌ఫోన్లు దొరికాయి. కంప్యూటర్‌కు తగిలించి చెవుల్లో పెట్టుకోగానే ఆమె ముఖం పాలిపోయింది.

"మైకు కెమెరాలోనే ఉంది అమ్మమ్మా. వాళ్ళు మొదట్నుంచీ అన్నీ వింటున్నారు."

తాతయ్య మెల్లగా పెరట్లోకి జారుకున్నాడు. అమ్మమ్మకు భూమి విచ్చుకుంటే బాగుండుననిపించింది. పిల్ల వెళ్ళకూడదని కోరుకున్నది తనే. కానీ ఆ ముఖం చూశాక నిలవలేకపోయింది. కెమెరా దగ్గరికి వంగి, "పొయ్యి వెలిగించడం వచ్చమ్మా దీనికి. నేనే అబద్ధమాడాను," అంది.

సాయంత్రం ఫోను మోగింది. అటు నుంచి ఆఫీసరమ్మ: "ఉద్యోగం నీదేనమ్మా. అంత గోలలో, ఒకేసారి ఇద్దరికి నిదానంగా జవాబు చెప్పావు చూడు, మాకు కావలసింది అదే. పెద్దావిడ అంతగా అడిగారు కాబట్టి ఇంటి నుంచే చెయ్యి. ఒక్కటే షరతు. పని వేళల్లో ఇంట్లో ఇంకెవరి గొంతూ వినపడకూడదు."

"తాతయ్య పెరట్లో ఉంటారు. మరి నువ్వు?" అంది మనవరాలు.

"నోరు మూసుకుని ఉంటాను."

"ఆ పని నీ వల్ల కాదు గానీ, చిన్నమ్మమ్మ వాళ్ళింటికి వెళ్ళు."

మర్నాటి నుంచి పొద్దున్నే చేతిసంచీ సర్దుకుని, వీధి మలుపు దాకా వెనక్కి తిరిగి చూసుకుంటూ, అమ్మమ్మ తన చెల్లెలి ఇంటికి బయలుదేరుతోంది. మనవరాలు గుమ్మంలో నిలబడి చెయ్యి ఊపుతుంది.

ఒక్క వీడ్కోలుకు భయపడిన మనిషికి ఇప్పుడు సెలవు రోజుల్లో తప్ప రోజుకొకటి.