నలభై ఒకటో గడి

ఆసుపత్రికి కట్టబోయే కార్ పార్కింగ్ ప్లానును గేటు పక్కన నోటీసు బోర్డు మీద గుండుసూదులతో గుచ్చిన మూడో రోజుకే అందులో పదకొండు కార్లు నిలిపి ఉన్నాయి. మునిసిపాలిటీ వారు దీన్ని తప్పు పట్టలేదు. ముప్పై రోజుల్లోగా అభ్యంతరాలు తెలపాలని ప్లాను కింద రాసి ఉంది గానీ, కార్లు నిలపరాదని ఎక్కడా లేదు.

అంతా తువ్వాళ్లతో మొదలైంది. మా ఊళ్లో బస్సు ఆగకముందే కిటికీలోంచి తువ్వాలు వేస్తే ఆ సీటు వేసినవాడిదే, కాదనేవాడు లేడు. జాగా కోసం ఆసుపత్రి చుట్టూ తిరిగి తిరిగి విసిగిపోయిన డ్రైవర్లు అదే పద్ధతిలో ప్లానులో నచ్చిన గడి చూసుకుని చేతిరుమాళ్లు గుచ్చి పోయారు. జాగా ఖాయమయ్యాక బండి బయట ఎందుకుంటుంది? ప్లానులో 'లోపలికి' అని బాణం వేసిన చోటుకు రోడ్డు ఆనుకునే ఉంది. కార్లు ఆ దారినే మెల్లగా కాగితంలోకి పోయి, బియ్యపు గింజంత అయి, గీతల మధ్య నిలబడ్డాయి. నడిపినవాళ్లు 'బయటికి' అన్న బాణం దగ్గర మళ్లీ మామూలు మనుషులై దిగి వార్డులకు వెళ్లేవారు. వాచ్‌మన్ టోకెన్లు చింపి ఇచ్చేవాడు.

లోపల హాయిగా ఉంటుందని వెళ్లొచ్చినవాళ్లు చెప్పారు. లేతనీలం వెలుతురు తప్ప ఎండ ఉండదు, హారన్ కొట్టినా వినపడదు, ఎంతసేపు కూర్చున్నా ఆకలి వేయదు. నలభై రెండో గడిలో ప్లాను గీసినాయన ఒక చెట్టు బొమ్మ వేశాడు. దాని ఆకులు కదులుతాయే గాని రాలవు. చెట్టు ఉంది కాబట్టి ఆ గడి ఎవరూ తీసుకోలేదు.

ముప్పయ్యో రోజు పొద్దున అద్దెకారు నడుపుకునే కుళ్లాయప్ప తన భార్య సుంకమ్మను వెనక సీట్లో పడుకోబెట్టుకుని వచ్చాడు. ఆమెకు మూత్రపిండాలు రెండూ చెడిపోయాయి, పాదాలు వాచి నడవలేదు. ఆర్నెల్ల కంటే ఎక్కువ చెప్పలేనని డాక్టరు కుళ్లాయప్పను పక్కకు పిలిచి చెప్పాడు. ఆ మాట అతను ఆమెకు చెప్పలేదు. ఆసుపత్రి చుట్టూ మూడుసార్లు తిరిగినా ఎక్కడా సందు లేదు.

"నాకు నిద్ర వస్తాంది. జాగా దొరికినాక లేపు" అంది సుంకమ్మ.

నలభై ఒకటో గడిలో జాగా దొరికింది. ఆమెను లేపకుండా కుళ్లాయప్ప చక్రాల కుర్చీ కోసం వెళ్లాడు. అక్కడ క్యూలో మనుషుల బదులు చెప్పులు నిలబడి ఉన్నాయి. తన చెప్పులూ పెట్టి, వంతు వచ్చాక కుర్చీ తోసుకుంటూ తిరిగి వచ్చేసరికి గంటంబావు అయింది. బోర్డు మీద నాలుగు గుండుసూదులు మాత్రం మిగిలాయి. గడువు ముగిసిందని సిబ్బంది ప్లానును ఫైల్లో పెట్టుకుని పోయారు.

కుళ్లాయప్ప టౌన్ ప్లానింగ్ ఆఫీసుకు చేరేసరికి అక్కడ రఫియా మేడం అనే సీనియర్ అసిస్టెంటు అప్పటికే రిజిస్టరులో రాసేసింది: ప్లాను ఒకటి, కార్లు ముప్పై ఏడు, మనిషి ఒకరు. బయటికి పోయే దారి ఇప్పుడు ఫైలు ట్యాగు కోసం కాగితానికి పొడిచిన కన్నం దగ్గర ఆగిపోయిందని ఆమె చూపించింది. ప్లాను మళ్లీ గేటు దగ్గరికి వస్తేనో, సంతకమై పార్కింగ్ నిజంగా కడితేనో తప్ప ఎవరూ బయటికి రాలేరు. సర్వే నంబర్లు చదివే భూతద్దం తుడిచి అతని చేతికిచ్చింది. సుంకమ్మ టిఫిన్ సంచి మీద తల పెట్టుకుని నిద్రపోతోంది. ఊపిరి ఆడుతోంది. కుళ్లాయప్ప ఆ బల్ల ముందే కూలబడి ఏడ్చాడు. రఫియా మేడం ఫ్యాను కొంచెం అతని వైపు తిప్పింది.

ఆ రోజు నుంచి అతను ఫైలు వెంట పడ్డాడు. అగ్నిమాపక శాఖ, ట్రాఫిక్, కరెంటు ఆఫీసు, ఎక్కడికి ఫైలు పోతే అక్కడికి పోయి త్వరగా పంపండని చేతులు పట్టుకున్నాడు. ప్రతి గురువారం భూతద్దంతో భార్యను చూసుకునేవాడు. ఆరో గురువారం డాక్టరును వెంటబెట్టుకుని వచ్చాడు. డాక్టరు చాలాసేపు చూసి, వాపు పెరగలేదు, రంగు మారలేదు, జబ్బు ఉన్నచోటే ఆగింది అని చీటీ రాసిచ్చాడు. పెండింగులో ఉన్నదేదీ ముదరదని రఫియా మేడం తన ఇరవై రెండేళ్ల సర్వీసులో గమనించిన సంగతి చెప్పింది.

పది రోజుల్లో ఆసుపత్రి సూపరింటెండెంటు నుంచి లేఖ వచ్చింది. తమ దగ్గర వైద్యం లేని రోగులకు ప్లానులో మిగిలిన గడులు కేటాయించాలని, కారు లేనివారికి మంచం అనుమతించాలని కోరారు. లేఖతో పాటు జతపరిచిన రోగులు జతపరిచిన కాగితాల్లాగే సాఫీగా లోపలికి పోయారు. వార్డులు ఖాళీ అయ్యాయి. ఆసుపత్రి ఇంత బాగా పనిచేయడం ఎన్నడూ చూడలేదని పై అధికారులు మెచ్చుకున్నారు.

తర్వాతి గురువారం కుళ్లాయప్ప వచ్చేసరికి రఫియా మేడం కళ్లజోడు తీసి పక్కన పెట్టింది.

"రేపు కమిషనర్ గారు సంతకం చేస్తారు. పార్కింగ్ కడతారు, మీ ఆమె బయటికి వస్తుంది" అంది.

"వచ్చినాక ఆమెకు ఎన్ని రోజులుంటాయి మేడం?"

"ఆర్నెల్లన్నారు కదా. సంతకమైతే ఇక పెండింగు కాదు, రేపట్నుంచి లెక్క."

సంతకం కోసం కాళ్లరిగేలా తిరిగినవాడే సంతకం ఆగే దారి అడిగాడు. దారి ఉంది. సంతకానికి ముందు ఒక్క అభ్యంతరం వచ్చినా ప్లానును మళ్లీ ముప్పై రోజులు బోర్డు మీద పెట్టాలి. ఆపైన ఫైలు మళ్లీ మొదటి నుంచి అన్ని ఆఫీసులూ తిరగాలి. ఆమె ఫారం ఇచ్చింది. కారణం రాయవలసిన చోట అతను "నా భార్య నిద్రపోతాంది" అని రాశాడు. కారణం సరిపోతుందని ఆమె ముద్ర వేసింది.

సోమవారం ప్లాను తిరిగి గేటు పక్కకు వచ్చింది. 'బయటికి' అన్న బాణం మళ్లీ రోడ్డుకు ఆనింది. బోర్డు ముందు జనం చాలామందే ఉన్నారు గానీ తమవాళ్లను బయటికి తెచ్చుకోవడానికి ఎవరూ ముందుకు రాలేదు. అందరి చేతుల్లోనూ అభ్యంతరం ఫారాలు ఉన్నాయి. కుళ్లాయప్ప కాగితంలోకి నడిచి వెళ్లి కారు తలుపు తెరిచాడు. ఎత్తుకుంటే పది అడుగుల్లో ఆమె ఎండలో ఉంటుంది. ఇన్నాళ్ల తర్వాత ఆమె చెయ్యి పట్టుకున్నాడు, చల్లగా మెత్తగా ఉంది. సుంకమ్మ సగం కళ్లు తెరిచింది.

"ఏమయ్యా, జాగా దొరికిందా?"

"ఇంగా లేదు. దొరికినాక లేపుతా, పండుకో."

ఆమె అతని మాట నమ్మి కళ్లు మూసుకుంది. పెళ్లయిన ముప్పై ఏళ్లలో ఆమెతో అతను ఆడిన అబద్ధాలు బహుశా అయిదారు ఉంటాయి. కుళ్లాయప్ప తలుపు చప్పుడు కాకుండా వేసి, భుజం మీది తువ్వాలు తీసి, నలభై రెండో గడిలో చెట్టు కింద పరిచాడు. కారు లేకపోయినా పర్వాలేదా అని బయటికి వచ్చి అడిగాడు. తువ్వాలు పడింది కాబట్టి ఆ గడి ఇక అతనిదేనని చెప్పి వాచ్‌మన్ టోకెను చింపి ఇచ్చాడు.